బోగ్దాన్, భిక్షపతి

2022 మార్చి నెలలో, ఉక్రెయిన్ యుద్ధభూమి నుండి మన విద్యార్థులను విమానాల్లో తరలించి తెచ్చిన ఆ రోజుల్లో, సికింద్రాబాదు తూర్పు మారేడుపల్లిలోని మా వీథికి కూడా ఒక కుర్రవాడు తిరిగి వచ్చినాడు. కీవ్ నగరంలో వైద్యవిద్య చదువుతూ, పుస్తకాలు ఉన్నచోటనే వదలి, సరిహద్దు దాకా కొంత దూరం రైలులోను, కొంత దూరం కాలినడకను వచ్చి ప్రాణాలతో ఇల్లు చేరినవాడు. చూడవచ్చిన ఇరుగుపొరుగులకు అతడు యుద్ధం గురించి ఎక్కువగా చెప్పలేదు. ఫోనులో ఆ ఊరి ఛాయాచిత్రాలు చూపించినాడు. వాటిలో ఒకటి, నగరం నడుమ, ఎత్తైన రాతిదిమ్మె మీద, గుర్రాన్ని కళ్లెం బిగబట్టి కూర్చున్న యోధుని విగ్రహం.

ఎనభై దాటిన అతని నాయనమ్మ కళ్లజోడు సవరించుకొని, “గీ గుర్రం మీద కూసున్నాయన ఎవలు బిడ్డా?” అని అడిగినది.

“బొహ్దాన్ అంటరు నానమ్మా. బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ. పాతకాలపు సర్దారు.”

“గదేం పేరు?”

“దేవుడిచ్చినోడు అని అర్థమంట.”

ముసలామె ఒక్క క్షణం ఆలోచించి, “అట్లయితే మన భిక్షపతే గదరా!” అని ఫోను మనుమని చేతికి ఇచ్చివేసినది.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. కాని నా నవ్వు తక్కినవారి నవ్వు వంటిది కాదు. కారణం తరువాత మనవి చేస్తాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాటి నుండి నిఘంటువులు ముందు వేసికొని కూర్చున్నాను. రైల్వేలో గుమాస్తాగిరీ చేసి విరమించిన వానికి ఇంతకంటె పనేమున్నది గనుక!

రష్యను పేర్లు తెలుగువారికి కొత్తవి కావు. కొడుకులకు లెనిన్ అని, స్టాలిన్ అని పేర్లు పెట్టుకొన్న కుటుంబాలు మన జిల్లాల్లో అనేకం. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు మాస్కోలో కూర్చుండి రష్యను పుస్తకాలను తెలుగు చేసి పంపగా చదివి పెరిగిన తరం మాది. ఇవాన్, ఫ్యొదర్, అల్యోషా మా ఇళ్లలో చుట్టాలవలె తిరిగినారు. కాని బోగ్దాన్ అన్న పేరును నేను ఏనాడూ విప్పి చూడలేదు.

విప్పితే రెండే ముక్కలు. ‘బోగ్’ అనగా దేవుడు. ‘దాన్’ అనగా ఇయ్యబడినవాడు. ఉక్రెయిన్‌వారు, చెక్కులు, స్లొవాకులు ఈ గకారాన్ని హకారం చేసి పలుకుతారు కనుక రష్యాలోను, సెర్బియాలోను, బల్గేరియాలోను బోగ్దాన్ అయినవాడు కీవ్‌లోను, ప్రాగ్‌లోను బొహ్దాన్ అవుతాడు. అంతే భేదం.

ఇక ఆ ‘బోగ్’ ఎవరో కాదు, మన వేదాల్లోని భగుడు. ఆదిత్యులలో ఒకడు. ఎవరి వాటా వారికి పంచిపెట్టే దేవత. ‘భజ్’ అనే ధాతువుకు పంచుట, పంచుకొనుట అని అర్థం. భాగం, భాగ్యం, భగవంతుడు, భక్తుడు, అన్నీ ఆ చెట్టు కొమ్మలే. ప్రాచీన పారసీకులు దేవుని ‘బగ’ అన్నారు. స్లావులు ఈ మాటను తమ పొరుగున ఉన్న ఇరానీ జాతుల వద్ద నేర్చుకొన్నారా, లేక అందరికీ మూలమైన భాష నుండి పిత్రార్జితంగా పొందినారా అన్నది పండితుల మధ్య తెగని వ్యాజ్యం. ఏ విధంగా వచ్చినా మాట మనదానికి దాయాదియే. రష్యను భాషలో ధనవంతుని ‘బొగాతీ’ అంటారు. దిక్కులేని దీనుని ‘ఉబోగీ’ అంటారు. మొదటివాడు భాగ్యవంతుడు, రెండవవాడు నిర్భాగ్యుడు. తెలుగులో మనం చేసికొన్న జంటనే వారూ చేసికొన్నారు. హుస్సేనుసాగరానికి ఆవలి ఒడ్డున ఉన్న మహానగరాన్ని భాగ్యనగరమని పిలుచుకొనేవారు కూడా, తెలిసియో తెలియకయో, ఈ బోగ్‌నే తలచుకొంటున్నారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. దక్షయజ్ఞం ధ్వంసమైనప్పుడు భగుడు కన్నులు పోగొట్టుకొన్నాడని మన పురాణాలు చెబుతున్నవి. వాటాలు పంచే దేవుడే చూపులేనివాడైనాడు! ఈ కథ కల్పించినవాడు లోకాన్ని బాగా చూచినవాడై ఉండవలెను.

‘దాన్’ సంగతి మరింత తేలిక. మన ‘దా’ ధాతువే. సంస్కృతంలో దీనికి ‘దత్త’ అనే రూపం వచ్చినది. స్లావులు తకారానికి బదులు నకారం చేర్చి ‘దాన్’ అన్నారు. ఇదీ మనకు వింత కాదు. భిన్నం, ఛిన్నం, పూర్ణం అన్నప్పుడు మనమూ ఆ నకారాన్నే వాడుతున్నాము. కాబట్టి బోగ్దాన్ అనే పేరును ముక్కకు ముక్కగా సంస్కృతంలోకి మారిస్తే ఏమి వస్తుంది? భగదత్తుడు వస్తాడు! ద్రోణపర్వంలో సుప్రతీకమనే ఏనుగు నెక్కి అర్జునుని ముప్పుతిప్పలు పెట్టిన ప్రాగ్జ్యోతిషాధిపతి. ఒకరి పేరు చూచి మరొకరు పెట్టుకొన్నారని నేననడం లేదు. ఒకే ఇంటి నుండి విడిపోయిన అన్నదమ్ముల బిడ్డలు వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు తెలియకుండా, తాతగారి పేరే తమ పిల్లలకు పెట్టుకొన్నట్లు జరిగినది. ఇంకొక దాయాది కూడా ఉన్నాడు. ‘బగ్’ అనే దేవునికి ‘దాద్’ చేర్చితే బాగ్దాదు. ఆ నగరం పేరుకు దైవదత్తమనే అర్థమని పెక్కుమంది పండితుల మతం.

‘దాన్’ అనగానే మరొక మనిషి గుర్తుకు వస్తున్నాడు. అలెగ్జాండర్ బోగ్దానోవ్ అని రష్యాలో ఒక విప్లవకారుడు, వైద్యుడు, నవలాకారుడు ఉండేవాడు. అది పెట్టుకొన్న పేరు. అసలు ఇంటిపేరు మలినోవ్‌స్కీ. మాస్కోలో రక్తమార్పిడి కొరకు ఒక పరిశోధనాలయాన్ని నెలకొల్పి, ఒక విద్యార్థితో రక్తం మార్చుకొని, ఆ ప్రయోగంలోనే 1928లో మరణించినాడు. దానం పేరులో ఉన్నవాడు రక్తమిచ్చి పోయినాడు. ఇది కేవలం కాకతాళీయమే. ఐనను మనసు ఊరుకోదు.

పేర్లు ఇట్లా దేశాలు తిరుగుతవని తెలిసికొనేందుకు సికింద్రాబాదువానికి పుస్తకాలు అక్కరలేదు. మా ఊరి పేరే ఒక మనిషి పేరు. 1798 నాటి ఒడంబడిక ప్రకారం నిజాము భరించవలసిన కుంపిణీ సేనలు హుస్సేనుసాగరానికి ఉత్తరాన డేరాలు వేసినవి. 1806లో ఆ దండు విడిదికి అప్పటి నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదు అని నామకరణం జరిగినది. సికందర్ అనగా గ్రీకుల అలెగ్జాండరే. మనుష్యులను రక్షించేవాడని ఆ పేరుకు అర్థం. అరబ్బులు ఆ పేరులోని మొదటి ‘అల్’ను తమ భాషలోని ఉపపదంగా భావించి విడదీయగా మిగిలినది ఇస్కందర్, అది మన దేశం చేరేసరికి సికందర్. అదే పేరు ఉత్తరానికి పోయి రష్యనుల అలెగ్జాండర్ అయి, ఇంట్లో ‘సాషా’ అని ముద్దుగా పిలువబడినది. ఒక మనిషి పేరు భూమికి అంటుకోవడంలోను మేము ఒంటరివాళ్లం కాము. 14వ శతాబ్దంలో మొల్దావియా రాజ్యాన్ని స్థాపించినవాడు బోగ్దాన్ అనే ప్రభువు. ఆ ప్రజల భాష లాటిను సంతతిదైనా ప్రభువు పేరు స్లావు పేరే. తరువాత వచ్చిన తురుష్కులు ఆ దేశాన్నే ‘బోగ్దాన్’ అని పిలిచినారు.

కాని సర్కారు కాగితాల్లో సికింద్రాబాదు అని ఎంత వ్రాసినా జనం నోట ఇది లష్కరే. ఆషాఢమాసంలో ఉజ్జయినీ మహాకాళికి బోనమెత్తే ఆడవారిని అడిగి చూడండి. లష్కరు బోనాలు అంటారు గాని సికింద్రాబాదు బోనాలు అనరు. దస్తావేజు పేరొకటి, ఇంటి పేరొకటి. ఊళ్లకున్నట్లే మనుష్యులకు కూడా.

బోగ్దాన్ కథలో ముఖ్యమైన భాగం ఇదే. స్లావులు క్రైస్తవం స్వీకరించిన తరువాత చర్చి తన పంచాంగంలోని సాధువుల పేర్లను మాత్రమే జ్ఞానస్నానంలో ఇచ్చేది. అవి గ్రీకు పేర్లు, హీబ్రూ పేర్లు. తాతల నాటి స్లావు పేర్లు వంటింట్లోకి తప్పుకొన్నవి. చర్చిలో ఫ్యొదర్, ఇంట్లో బోగ్దాన్. చిత్రమేమనగా ఫ్యొదర్ అనేది గ్రీకుల థియొడోరస్. దానికీ అర్థం దేవుని కానుక అనే! దస్తయేవ్‌స్కీ పేరులోని ఫ్యొదర్ అదే. కీవ్‌లో గుర్రం మీద కూర్చున్న ఖ్మెల్నిత్స్కీకి కూడా చర్చి పెట్టిన పేరు జినొవియ్. 1648లో పోలండు రాజ్యం మీద తిరుగబడి కొసాక్కులకు నాయకుడైన ఆ మనిషిని చరిత్ర మాత్రం అమ్మ పిలిచే పేరుతోనే జ్ఞాపకం ఉంచుకొన్నది. 1888లో విగ్రహం నెలకొన్ననాడు కూడా ఆ పేరే. ఆ తిరుగుబాటులో ఊచకోతకు గురియైన వేలాది యూదుల సంతతివారికి ఆయన దేవుడిచ్చినవాడుగా కనబడడు. ఆ మాట దాచిపెట్టి పేరు అందాన్ని మాత్రమే వర్ణించడం న్యాయం కాదు.

సరే, ఈ పేరు ఎవరికి పెట్టేవారు? రెండు రకాల బిడ్డలకు. ఎంతో కాలం ఎదురుచూడగా పుట్టిన బిడ్డకు. ఎవరూ ఎదురుచూడని బిడ్డకు. పూర్వం రష్యాలో తండ్రి ఎవరో తెలియని శిశువులకు, గుమ్మం ముందు విడిచిపెట్టి పోయిన శిశువులకు బోగ్దాన్ అని పేరు పెట్టే ఆచారం ఉండేది. ఎవరిచ్చినారని అడిగితే చెప్పేందుకు దేవుడు తప్ప మరొకరు లేరు గదా! ఇతర దేశాల్లోను ఇదే తీరు. ఫ్రాన్సు రాజదంపతులకు పెండ్లియైన 23 ఏండ్లకు, 1638లో, కొడుకు పుట్టితే ‘దైవదత్తుడు’ అనే బిరుదును పేరుకు జోడించినారు. అతడే 14వ లూయీ. అంతకు పన్నెండు శతాబ్దాలకు పూర్వం ఆఫ్రికా తీరంలో అగస్టీను అనే యువకుడు, వివాహం లేకుండానే తనకు కలిగిన కుమారునికి అదే అర్థం గల ‘అదెయొదాతుస్’ అనే పేరు పెట్టుకొన్నాడు. తరువాత ఆ తండ్రి సాధువైనాడు. కొడుకు చిన్నవయసులోనే చనిపోయినాడు. రాజకుమారునికీ, లోకం వేలెత్తి చూపే బిడ్డకూ ఒకే పేరు!

మా సికింద్రాబాదులో ఈ పేరు ఎన్ని వేషాల్లో తిరుగుతున్నదో లెక్కపెట్టబోయి మానుకొన్నాను. 1847లో కట్టిన అగ్నిదేవాలయానికి పోయే పార్శీలలో ‘ఖోదాదాద్’ అనే పాతకాలపు పేరున్నది. మసీదుకు పోయేవారిలో ఖుదాబక్షు, అల్లాబక్షు, అతావుల్లా. గురుద్వారాకు పోయేవారిలో గుర్దిత్ సింగు. తెలుగు క్రైస్తవుల ఇండ్లలో మత్తయి, యోనాతాను, నతనయేలు, మూడూ హీబ్రూలో దేవుడిచ్చినవాడనే చెబుతున్నవి. ఇవి చాలవన్నట్లు వారు ‘దేవదానం’ అని ఒక పేరు కల్పించుకొన్నారు. బోగ్దాన్‌కు ఇంతకంటె చక్కని తెలుగు నేను వినలేదు. ఉచ్చారణలో కూడా సగం అదే.

ఐతే ఆ ముసలామె వీటిలో ఒక్కటీ చెప్పలేదు. భిక్షపతి అన్నది.

మన పల్లెల్లో పసిబిడ్డలు వరుసగా పోతుండిన కాలంలో తల్లులు మృత్యువును మోసగించేందుకు చేసిన పనులు పెద్దవారికి గుర్తుండే ఉంటవి. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచేవారు. పొరుగింటి ఆమె ఎత్తుకొని పోయేది. కన్నతల్లి వెళ్లి చారెడు తవుడిచ్చి కొనుక్కొనేది. అట్లా బ్రతికినవారే పెంటయ్యలు, తవిటయ్యలు, తవిటినాయుళ్లు. ఎంగిలి విస్తరి మీద దొర్లించిన బిడ్డ పుల్లయ్య. అయిదిళ్లు బిచ్చమెత్తి ఆ గింజలు వండి తిన్న తల్లి కొడుకు భిక్షమయ్య, భిక్షపతి. ఈ బిడ్డ మాది కాదు, మాకెవరో వేసిన బిచ్చం, దీనిని కొనిపోయేందుకు నీకేమి లాభం అని యమునితో చేసిన బేరం అది.

ఇప్పుడు నా నవ్వుకు కారణం చెబుతాను. నాకు ముందు పుట్టిన ఇద్దరు అన్నలు ఏడాది నిండకుండానే పోయినారు. 1949లో నేను పుట్టినప్పుడు మా అమ్మ అయిదిళ్లు తిరిగి కొంగు పట్టినది. నాకు పెట్టిన పేరు భిక్షపతి. బడిలో వేసిననాడు అక్కడి పెద్దపంతులుగారు, మంచి ఉద్దేశంతోనే, “భిక్ష అన్నమాట రేపు నౌకరీకి అడ్డం వస్తుంది” అని, పుస్తకంలో ప్రసాదరావు అని వ్రాసినారు. మా నాయన సరేనన్నాడు. ఆనాటి నుండి నా సర్టిఫికెట్ల నిండా, జీతం పట్టీల నిండా ప్రసాదరావే.

ఇంట్లో అమ్మ మాత్రం భిక్షపతీ అనే పిలిచేది. పదునాలుగవ ఏట ఒకనాడు తోడి విద్యార్థుల ముందు ఆ పేరుతో పిలిచినదని ఆమె మీద విరుచుకుపడినాను. ఆ తరువాత ఆమె నలుగురిలో నన్ను ఆ పేరుతో పిలువలేదు. ప్రసాదరావు అని కూడా పిలువలేదు. “బిడ్డా” అనేది, అంతే. 1987లో ఆమె ఆసుపత్రిలో అవసానదశలో ఉండగా, తెలివి తప్పి, రెండు రోజులు “భిక్షపతీ, భిక్షపతీ” అని కలవరించినది. ఎవరమ్మా ఆ భిక్షపతి, పిలిపించండి అని నర్సు అడిగినది. “మా ఊరివాడొకడు” అని నేను చెప్పినాను.

నిఘంటువుల ముందు కూర్చున్నప్పుడు నాకు తెలిసినది ఇది. మన వైయాకరణులు ‘భిక్ష్’ను విడిగా ఒక ధాతువని చెప్పినారు. కాని భాషలను పోల్చి చూచే శాస్త్రజ్ఞులు అది ‘భజ్’ ధాతువు నుండి, కోరికను తెలిపే అర్థంలో, పుట్టిన రూపమని తలుస్తారు. శక్తి కావలెనని కోరడం ‘శిక్ష’, లాభం కావలెనని కోరడం ‘లిప్స’ అయినట్లే, భాగం కావలెనని కోరడం ‘భిక్ష’. అనగా వాటా పంచేవాడు భగుడు. వాటా అడిగే చేయి భిక్ష. బోగ్దాన్‌లోని దేవునికీ, భిక్షపతిలోని బిచ్చానికీ ధాతువు ఒక్కటే. అక్షరం రాని ముసలామె నవ్వుతూ అన్నమాటను సరిచూచుకొనేందుకు నాకు మూడు భాషల నిఘంటువులు కావలసివచ్చినవి. ప్రసాదమన్నా దేవుడిచ్చినదే గనుక, పంతులుగారి కలం కింద అర్థం ఎక్కడికీ పోలేదు. పోయినది ఆ అయిదిళ్ల గింజలు.

వారం గడచిన తరువాత వారింటికి వెళ్లి ఈ ధాతువుల సంగతి కుర్రవానికి చెప్పినాను. చెప్పి, కొంత తటపటాయించి, “నా పేరు కూడా మొదట భిక్షపతే నాయనా” అన్నాను. అతడు ఆశ్చర్యపోయి నాయనమ్మ వంక చూచినాడు. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ, తల ఎత్తకుండానే, “నాకెర్కలేదా? నేను కాపురానికొచ్చిన కొత్తల మీ అమ్మ గోడ మీది నుంచి పిలుస్తుంటె రోజూ ఇంటుంటి. మొన్న నేనన్నది నిన్నే” అన్నది.

కుర్రవాడు ఒక కాగితం తీసి ఉక్రెయిన్ లిపిలో ఆ పేరు వ్రాసి ఇచ్చినాడు. ఆరు అక్షరాలు. రెండు ఇంగ్లీషు అక్షరాల వలెనే ఉన్నవి, తక్కినవి నాకు రావు. “ఇట్ల రాస్తరు తాతా” అని ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి పలికించినాడు. ఆ కాగితం ఇప్పుడు నా పింఛను కాగితాల నడుమ ఉన్నది.